కోటిరత్నానికి సిద్దికా గొంతు

బోర్లించిన బేసిన్ మీద ఫోను పెట్టి, దాని చుట్టూ పదకొండు మంది ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఫోనులో ‘పైవాటా కిందవాటా’ అనే కామెడీ సీరియల్ నడుస్తోంది. ముందురోజు సాయంత్రం టీవీలో వచ్చిన ఎపిసోడే. ఫోను వంక మాత్రం ఒక్కరూ చూడటం లేదు. చూస్తే చెయ్యి ఆగుతుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట చెయ్యి ఆపే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసే ఆడవాళ్లకి సీరియల్ అంటే వినేదే గానీ చూసేది కాదు.

ఆ రోజు వాళ్లతో పాటు పన్నెండో మనిషి కూడా కూర్చుంది. పేరు సిద్దికా. ఇరవై నాలుగేళ్లు అదే గుంపులో తొడిమలు తీసిన మనిషి. ఇప్పుడు ఫోనులో నడుస్తున్న సీరియల్లో ఇంటి ఓనరమ్మ కోటిరత్నం వేషం ఆవిడదే. హైదరాబాదులో షూటింగు లేని రోజుల్లో సొంత ఊరు ప్రత్తిపాడులోనే ఉంటుంది కాబట్టి, పాత వాళ్లని ఒకసారి పలకరించి పోదామని వచ్చింది. పలకరించడానికి వచ్చిన మనిషి చేతులు కట్టుకుని కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు. మూతికి గుడ్డ కట్టేసి, ఎదురుగా ఉన్న కుప్పలోంచి అప్పుడే రెండు దోసిళ్లు ఒలిచేసింది.

ఎపిసోడు ఇరవై రెండు నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు కోటిరత్నమే. వీళ్లేమంటారో అని సిద్దికా లోలోపల సంబరపడుతూ ఎదురుచూసింది. ఎపిసోడు అయిపోయింది. గుంపుకి పెద్దదిక్కు వీరమ్మ, అరవై దాటిన మనిషి, తలెత్తకుండానే అడిగింది.

“ఇంతకీ ఇందులో నువ్వెప్పుడొస్తావే?”

“వచ్చానుగా అత్తా. ఆ ఓనరమ్మని నేనే.”

“ఆవిడా? ఎవరో టౌను ఆవిడ మాట్లాడతా ఉంటేను!”

“గొంతు వేరే వాళ్లది. మనిషిని నేనే.”

“మనిషి మాకు కనపడదు గదే,” అంది వీరమ్మ, ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కుంటూ.

వీరమ్మ ఎత్తిపొడవలేదు. ఉన్న మాట అంది. ఎత్తిపొడిచి ఉంటే సిద్దికా ఎదురు తిరిగి నాలుగు అనేసి తేలికపడేది. రెండు వందల ఎపిసోడ్లు నటించింది. పేరొచ్చింది, ఊళ్లో జనం ఆపి ఫొటోలు దిగుతున్నారు. తనకి నవ్వించడం నేర్పిన ఈ పదకొండు మందికి మాత్రం తను ఇంకా రానే లేదు. ఆటోలో ఇంటికి పోతున్నంతసేపూ ఆ మాటే తిప్పి తిప్పి అనుకుంది. ప్రత్తిపాడు సెంటర్లో దిగేసరికి ఒక నిశ్చయానికి వచ్చేసింది. కోటిరత్నానికి తన గొంతే ఉండాలి. లేకపోతే కోటిరత్నమే వద్దు.

ఆ గొంతు సంగతి తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. పదిహేనో ఏట సిద్దికా తల్లి జాన్‌బీ వెంట ట్రాక్టరెక్కి మిర్చి పనికి వచ్చింది. మొదటి రోజే జాన్‌బీ కూతురికి ఒక సంగతి గట్టిగా చెప్పింది. “ఏడుపొస్తే ఏడువు, కళ్లు కడుక్కోవచ్చు. నవ్వొస్తే మాత్రం నోరు తెరవమాక.” కాయ కుప్పల మధ్య నోరు తెరిచి నవ్వితే ఘాటు తిన్నగా గొంతులోకి దిగుతుంది. ఆ మధ్యాహ్నమంతా దగ్గుతూనే ఉండాలి. అందుకని అక్కడ ఎవరూ పకపకా నవ్వరు. గుడ్డ కింద పెదాలు బిగబట్టి నవ్వుతారు. బయటికి కనిపించేది భుజాల కదలిక ఒక్కటే.

అలాంటి చోట నవ్వించాలంటే దానికో ఒడుపు కావాలి. మూతికి గుడ్డ ఉంటుంది కాబట్టి మాట కడుపులోంచి రావాలి, పొట్టిగా ఉండాలి. ఒక మాట అన్నాక ఆగాలి. ఎదుటివాళ్ల భుజాలు ఊగి, నెమ్మదించేదాకా ఆగాలి. అప్పుడు రెండో మాట వదలాలి. తొందరపడి ముందే వదిలితే, ఊపిరాడక ఎవరో ఒకరు నోరు తెరుస్తారు, దగ్గు పట్టుకుంటుంది, ఇక తిట్లే తిట్లు. సిద్దికా ఇరవై నాలుగేళ్లు ఆ భుజాలు చూస్తూ బతికింది. కాయ కొనడానికొచ్చి, ఒక కాయ విరిచి వాసన చూసి, కొనకుండా పోయే వ్యాపారుల్ని ఒక్కొక్కరినీ అనుకరించేది. ఆ ఘాటులోనే ఆవిడ గొంతు కూడా మారిపోయింది. పెళ్లినాటికి సన్నగా ఉన్న గొంతు ముప్పయ్యేళ్లు దాటేసరికి గరుకుగా, బొంగురుగా తయారైంది.

ఒక సీజన్‌లో గుంపులో ఎవరో ఆవిడ వ్యాపారి అనుకరణని ఫోనులో వీడియో తీసి పెట్టారు. అది ఊళ్లు దాటిపోయింది. షూటింగులకి జనాన్ని పంపే ఏజెంటు ఒకాయన ఫోన్ చేసి, రెండు రోజులు గుంపులో నిలబడే పని ఉంది వస్తారా అన్నాడు. భర్త బాజీ మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠాలో పనిచేస్తాడు. “రెండ్రోజులేగా, పోయి చూసిరా. మళ్లీ మనకెవరు చూపిస్తారు?” అన్నాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే సిద్దికా నట జీవితానికి తొలి మెట్టు అదే. అప్పుడు మాత్రం దాన్ని ఎవరూ మెట్టు అనుకోలేదు, రెండు పూటలా భోజనం పెడతారట అనుకున్నారు.

ఆ రెండో రోజున జరిగింది అసలు సంగతి. పంచాయితీలో ఊరంతా విరగబడి నవ్వే సీను. డైరెక్టరు త్రినాథ్ యాక్షన్ అనగానే నలభై మంది నోళ్లు తెరిచి నవ్వారు. సిద్దికా కూడా నవ్వింది, తనకి అలవాటైన తీరులో.

“కట్! ఆ పసుపు చీరావిడ ఎందుకు నవ్వట్లేదు?” అని అరిచాడు త్రినాథ్.

“నవ్వుతున్నానండి.”

“ఎక్కడమ్మా?”

“భుజాల్లోనండి. చూడండి కావాలంటే.”

సెట్టు మొత్తం గొల్లుమంది. అంతమంది నటన కాకుండా నిజంగానే నోరు తెరిచి నవ్వడం, ఎవరికీ దగ్గు రాకపోవడం సిద్దికా చూడటం అదే మొదటిసారి. త్రినాథ్ మాత్రం నవ్వలేదు. సీరియల్ తీసేటప్పుడు తను నవ్వితే లెక్క తప్పుతుందని నమ్మే మనిషి అతను. పక్కకి పిలిచి, సీను చివర “చూశాం లెండి” అనమన్నాడు. రెండే మాటలు. సిద్దికా వెంటనే అనలేదు. చుట్టూ నవ్వు అణిగేదాకా ఆగి, అప్పుడు అంది. త్రినాథ్ ఆవిడ ఫోన్ నంబరు రాసుకున్నాడు.

తర్వాత ఏడాదిన్నర పాటు కూరలమ్మే ఆవిడగా, ఆసుపత్రి వరండాలో రోగిగా, పెళ్లిలో భోజనం బాగాలేదనే చుట్టంగా కనిపించింది. ఇలా పిలుపు రావడం, వెళ్లి రావడం, మధ్యలో మళ్లీ తొడిమలు తీయడం. ఆ తర్వాత త్రినాథ్ ‘పైవాటా కిందవాటా’ మొదలుపెడుతూ కోటిరత్నం వేషానికి పిలిచాడు. కింద వాటాలో కాపురం, పై వాటాలో అద్దెకున్న కుర్ర జంట మీద రాజ్యం. మొదటిసారి తెర మీద పేరు పడింది. బాజీ ఆ పేరు పడిన క్షణాన్ని టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫొటో తీశాడు. వీధి వీధంతా ఇంట్లోనే ఉంది. కోటిరత్నం నోరు తెరిచింది. తేనెలో ముంచినట్టున్న గొంతొకటి వినిపించింది. టీవీ అంటే అంతేనేమో అనుకున్నారు.

సిద్దికా కూడా అప్పుడు సరిపెట్టుకుంది. గొంతు బొంగురుగా ఉంది, జనం చానల్ మార్చేస్తారు అన్నారు చానల్ వాళ్లు. ఇంటి అద్దె వసూలు చేసే ఓనరమ్మకి గొంతు బాగుండి ఏం చెయ్యాలట, కచేరీ చెయ్యాలా? పోనీ డబ్బింగు చెప్పే అమ్మాయిని అనడానికి లేదు, చక్కటి పనిమంతురాలు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదని పైనుంచి చెప్పారు కాబట్టి, సిద్దికా ఆగిన ప్రతిచోటా “అబ్బబ్బబ్బ” అనో “రామ రామ” అనో ఒక ముక్క అతికించేది. సిద్దికా నేర్చిన విద్య మొత్తం ఆ ఆగడంలోనే ఉంది. దాని మీద రెండు వందల ఎపిసోడ్ల పాటు అతుకులు పడుతూనే వచ్చాయి.

ఆ రోజు ఇంటికి చేరగానే సంగతంతా బాజీకి చెప్పింది. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ విన్నాడు.

“ఎవరి గొంతైతే ఏంటే? మొహం నీదేగా. జనం నిన్ను గుర్తుపడుతున్నారుగా.”

“వీరమ్మత్త గుర్తుపట్టలేదు.”

“ఆమె ఒక్కతి గుర్తుపట్టకపోతే...”

“ఆమె గుర్తుపట్టకపోతే నాకు ఇంకెవరు గుర్తుపట్టినా ఒకటే.”

బాజీ ఇరవై ఏళ్ల కాపురంలో నేర్చుకున్నది ఒకటుంది. సిద్దికా గొంతు పెంచితే వాదించవచ్చు, గొంతు తగ్గిస్తే ఊరుకోవాలి. ఇప్పుడు తగ్గించే అంది.

మరుసటి ఏడాదికి ఒప్పంద పత్రం అప్పటికే వచ్చి ఉంది. సిద్దికా సంతకం పెట్టకుండా త్రినాథ్‌కి ఫోన్ చేసింది.

“సంతకం పెడతా సార్. నా గొంతు నాకిస్తే.”

“చానల్ వాళ్లు ఒప్పుకోరమ్మా.”

“వాళ్ల సంగతి తర్వాత. మీరెప్పుడన్నా విన్నారా సార్, కోటిరత్నం నా గొంతుతో మాట్లాడితే ఎట్టుంటదో?”

త్రినాథ్ షూటింగులో రోజూ వింటూనే ఉన్నాడు, కానీ కెమెరా, లైటు, టైము చూసుకునే గొడవలో అది విన్నట్టు కాదు. చివరికి, వచ్చే నెలలో మిర్చి యార్డు దగ్గర అవుట్‌డోర్ షూటింగు ఉంది, అప్పుడు గుంటూరులో ఎక్కడైనా అరగంట రికార్డింగు పెట్టుకుంటే వింటానన్నాడు. “బాగోకపోతే మాత్రం ఈ మాట మళ్లీ ఎత్తకుండా సంతకం పెట్టాలి,” అన్నాడు.

“బాగోకపోతే సంతకమే పెట్టను సార్. తొడిమలు తీసుకుంటా,” అంది సిద్దికా.

ఫోను పెట్టేశాక గానీ ఎంత మాట అన్నదో తనకే తెలియలేదు. మెట్టూ మెట్టూ ఎక్కి వచ్చిన మనిషి ఒక్క మాటతో దిగిపోతానంది మరి. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆవిడకి ఒక్కసారి కూడా అనిపించలేదు.

గుంటూరులో ఇమ్మానుయేలు అనే అతనికి చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. చర్చిల వాళ్లకి పాటలు రికార్డు చేస్తాడు. క్రిస్మస్ పాటల హడావిడి ముగిసి ఖాళీగా ఉన్నాడు, సాధన చేసుకోమని ఆ గది ఇచ్చాడు. సిద్దికా నెల రోజులు వారానికి నాలుగుసార్లు బస్సెక్కి వెళ్లింది. అక్కడే ఒక పొరపాటు చేసింది. గొంతు బాగుండాలి అన్నారు కదా అని, బాగున్న గొంతు అంటే ఏమిటో ఆ డబ్బింగు అమ్మాయిని విని నేర్చుకుంది. పచ్చడి మానేసింది. వేడినీళ్లలో తేనె కలుపుకు తాగింది. గరుకు తగలకుండా మాటల్ని నున్నగా చెప్పడం అలవాటు చేసుకుంది. ఇమ్మానుయేలు మంచివాడు, “బాగుందక్కా” అనేవాడు. అతను ఎవరు పాడినా బాగుందనే అంటాడని సిద్దికాకి తెలియదు.

అనుకున్న రోజు మధ్యాహ్నం త్రినాథ్ వచ్చాడు. యార్డు నుంచి బాజీ పనిబట్టల మీదే వచ్చి ఒక మూల నిలబడ్డాడు. మైకున్న గదిలో సిద్దికా. మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి అవతల త్రినాథ్, ఇమ్మానుయేలు, బాజీ. అవతల వాళ్లు మీట నొక్కి మాట్లాడితే తప్ప ఇవతలికి ఏమీ వినపడదు. షూటింగు అయిపోయి ఇంకా టీవీలో రాని సీను ఒకటి ఎదురుగా ఉన్న తెర మీద వేశారు. పై వాటా కుర్రాడు మెట్లు దిగివచ్చి, మూడు రోజుల నుంచి కుళాయిలో నీళ్లు రావడం లేదని కోటిరత్నానికి మొరపెట్టుకునే సీను.

సిద్దికా చెప్పింది. నున్నగా, తప్పు లేకుండా, పెదాల కదలికకి సరిపోయేలా చెప్పింది. అద్దం అవతల త్రినాథ్ ఫోను చూసుకుంటున్నాడు. ఇంకోసారి చెప్పింది. మీట నొక్కి అతనన్నాడు, “బాగానే ఉందమ్మా. కానీ ఆ అమ్మాయి చెప్పినట్టే ఉంది. దీనికోసం మార్చడమెందుకు?”

నిజమే కదా. మార్చడమెందుకు? సిద్దికాకి అవమానంతో చెవులు వేడెక్కాయి. నెల రోజులు కష్టపడి తన గొంతు తనే దాచిపెట్టుకుంది. ఇక్కడిదాకా వచ్చి తన బదులు ఇంకొకరిని మైకు ముందు నిలబెట్టింది. వీరమ్మ వింటే మళ్లీ అదే అడుగుతుంది.

“ఇంకొక్కసారి సార్,” అంది. తలుపు తీసి బాజీని పిలిచింది. “ఆ తువ్వాలు ఇట్టా ఇవ్వు.”

“ఏంటే, ఇదా? పొద్దున్నుంచీ బస్తాలు మోశా దీంతో. అంతా ఘాటే.”

“అందుకే ఇవ్వమంది.”

తువ్వాలు ముక్కూ మూతీ చుట్టూ బిగించి వెనక ముడేసింది. గుడ్డ అడ్డమొస్తే మాట స్పష్టంగా రాదక్కా అని ఇమ్మానుయేలు మొత్తుకున్నాడు. సిద్దికా చెయ్యెత్తి ఆగమంది. ఘాటు ముక్కుకి ఎక్కింది. ఇరవై నాలుగేళ్లుగా తెలిసిన ఘాటు. గుడ్డ వెనకాల నుంచి ఆ డైలాగు రెండుసార్లు చెప్పుకుంది. మూడోసారికి గుడ్డని గడ్డం కిందికి లాగి, సీను వెయ్యమని సైగ చేసింది.

కుర్రాడు మెట్లు దిగి వచ్చాడు. “ఓనరమ్మగారూ, మూడు రోజుల నుంచి నీళ్లు రావట్లేదండీ.”

తెర మీద కోటిరత్నం అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. మైకు ముందు సిద్దికా కడుపులోంచి, గరుగ్గా, పొట్టిగా అంది.

“స్నానం చేసినట్టే ఉన్నావుగా.”

ఆగింది. తెర మీద కోటిరత్నం కూడా ఆగే ఉంది, ఆ ఆగింది తనే కాబట్టి. ఆ ఖాళీలోకి ఈసారి ఏ అబ్బబ్బబ్బా రాలేదు. కుర్రాడు తలొంచుకున్నాడు. అతని తడి జుట్టు కనిపించింది. అప్పుడు అంది.

“ఎవరింట్లో?”

అద్దం అవతల ఏం జరుగుతోందో వినపడదు. సిద్దికా తెర వదిలేసి అటు చూసింది. త్రినాథ్ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చాలా గంభీరంగా నేల చూస్తున్నాడు. బాగాలేదన్నట్టే ఉంది ఆ మొహం. కానీ సిద్దికా మొహాలు చదివే మనిషి కాదు. కొంచెం కిందికి చూసింది. అతని భుజాలు ఊగుతున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ ఊగుతున్నాయి. గుండె నిండిపోయింది ఆవిడకి. అవి నెమ్మదించేదాకా ఆగి, తలుపు తీసుకుని బయటికొచ్చింది.

“నవ్వారు సార్.”

“లేదే. ఎక్కడ?”

“భుజాల్లో.”

ఇక దాచలేక త్రినాథ్ నోరు తెరిచే నవ్వాడు. సిద్దికా గడ్డం కిందున్న తువ్వాలు ఘాటుకి వెంటనే అతనికి దగ్గు పట్టుకుంది. ఇమ్మానుయేలు మంచినీళ్లు తెచ్చాడు. తాగి, కళ్లు తుడుచుకుని, “ఆ ఖాళీలు నింపమని చెప్పినప్పుడు నేనూ ఊరుకున్నానమ్మా. తప్పు నాది కూడా,” అన్నాడు. చానల్ వాళ్లతో తను పోట్లాడతానన్నాడు. నాలుగు ఎపిసోడ్లు ఈ గొంతుతో వేసి చూద్దాం, జనం వద్దంటే ఏం చెయ్యలేను అన్నాడు. సిద్దికా పత్రం తెప్పించి సంతకం పెట్టి, దాని పక్కనే ఆ నాలుగు ఎపిసోడ్ల మాట కూడా అతని చేత్తోనే రాయించుకుంది. బాజీ తన తువ్వాలు తను అడిగి తీసుకుని బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఆ సీను టీవీలో వచ్చింది. వీధంతా మళ్లీ ఇంటికి చేరింది, ఈసారి మాట్లాడుతున్నది తమ సిద్దికా అని ఒకటే అరుపులు. సిద్దికాకి మాత్రం అసలు పరీక్ష అది కాదు. మరునాడు పొద్దున్నే ఆటోలో మిగతా ఆడవాళ్లతో పాటు కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది. సంగతేమిటో ఎవరికీ చెప్పలేదు. మూతికి గుడ్డ కట్టుకుని, వీరమ్మ పక్కన చోటు చేసుకుని, ఎదురుగా ఉన్న కుప్పలో చెయ్యి పెట్టింది. ఎవరో ఫోను తీసి బేసిన్ మీద పెట్టారు.

టైటిల్ పాట అయింది. ఒక ప్రకటన అయింది. కుర్రాడు మెట్లు దిగిన చప్పుడు, నీళ్లు రావట్లేదన్న మొర. సిద్దికా వేళ్ల మధ్య కాయ ఉంది, తొడిమ తియ్యడం లేదు.

“స్నానం చేసినట్టే ఉన్నావుగా,” అంది ఫోను.

పదకొండు మంది చేతులు ఒక్కసారిగా ఆగాయి. అన్నేళ్లలో ఆ గుంపు చేతులు అలా ఆగడం సిద్దికా ఎన్నడూ చూడలేదు. కళ్లన్నీ కాయల మీద నుంచి లేచి ఫోను మీద పడ్డాయి. ఆ గొంతు అందరికీ తెలుసు. ఆ గొంతు ఒక మాట అన్నాక ఆగుతుందనీ, రెండో మాట ఇంకా రావాల్సి ఉందనీ కూడా తెలుసు. అందుకని ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు.

“ఎవరింట్లో?”

గుంపు మొత్తం భుజాలు ఊగిపోయాయి. వీరమ్మ గుడ్డ మీద చెయ్యి అదిమిపెట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుంటే, రెండో చేత్తో సిద్దికా తొడ మీద ఒక్కటిచ్చింది.

“ఇప్పుడొచ్చావే,” అంది.